ఆంధ్ర తీరంలో కైట్‌బోర్డింగ్: గాలి, వాతావరణం అంచనా వేయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

రామేశ్వరంలోనో, శ్రీలంకలోని కల్పిటియలోనో కైట్‌బోర్డింగ్ (కైట్ అనే పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీటిపై సాగే ఆట) నేర్చుకొని వచ్చి, విశాఖపట్నం, బాపట్ల, నెల్లూరు తీరాల్లో సొంతంగా దిగాలనుకునే తెలుగువారు ఏటా దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు. వాటికి జవాబులను ఒకచోట చేర్చాను. ప్రతి జవాబూ విడిగా చదువుకొనేలా ఉంటుంది కాబట్టి, మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఇవి అనుభవజ్ఞుడైన శిక్షకుడి దగ్గర నేర్చుకున్నవారిని ఉద్దేశించి రాసినవి. ఇవి చదివి మొదటిసారి కైట్ ఎగరేయడానికి ప్రయత్నించకూడదు.

## ఎక్కడ, ఎప్పుడు అని ఆలోచించేటప్పుడు

మన తీరంలో కైట్‌కు సరిపడే గాలి ఏ నెలల్లో దొరుకుతుంది?

మార్చి నుంచి మే వరకు మధ్యాహ్నం వీచే సముద్రపు గాలి అన్నింటికంటే నమ్మదగినది. నేల బాగా వేడెక్కే కాలం కావడం వల్ల ఆ గాలి దాదాపు రోజూ ఒకే వేళకు వచ్చి, కొన్ని గంటలపాటు నిలకడగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల గాలికి బలం ఎక్కువే గానీ, అది పడమటి వైపు తిరిగిన రోజుల్లో నేల మీదినుంచి సముద్రంలోకి వీస్తుంది; పైగా జల్లులతోపాటు వచ్చే విసుర్లు (ఉన్నట్టుండి బలపడే గాలి) ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుఫానుల కాలం కాబట్టి, ఆ నెలల్లో మంచి గాలి వీచే రోజులు ఉన్నా కొత్తవారికి నేను వాటిని సూచించను. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈశాన్య గాలి చాలా రోజులు మందంగానే ఉంటుంది.

రామేశ్వరంలో 18 నాట్‌ల (గంటకు దాదాపు 33 కిలోమీటర్ల) గాలిలో హాయిగా తిరిగాను. విశాఖలో కూడా 18 నాట్‌లే ఉంటే దిగవచ్చు కదా?

దిగగలరేమో గానీ, ఆ రెండూ ఒకే పరిస్థితి కాదు. రామేశ్వరం ఉన్న పాంబన్ దీవి చుట్టూ నీరు చాలాచోట్ల లోతు తక్కువగా, అలలు లేకుండా ఉంటుంది. కైట్ నీటిలో పడితే నిలబడి మళ్లీ లేపుకోవచ్చు. అక్కడ సాధారణంగా శిక్షకులు, తోటివారు, అవసరమైతే పడవ అందుబాటులో ఉంటారు. విశాఖ తీరం బంగాళాఖాతానికి నేరుగా ఎదురుగా ఉన్నది. ఒడ్డు చాలాచోట్ల నిటారుగా దిగుతుంది, కెరటాలు ఒడ్డుమీదే విరుగుతాయి, వాటి మధ్య నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహాలు ఉంటాయి. కైట్ ఆ విరిగే కెరటాలలో పడితే తాళ్లు చిక్కుపడటానికి, కైట్ చిరగడానికి రెండు మూడు కెరటాలు చాలు.

ఇక్కడ మొదటి పది రోజులు మీరు అక్కడ తిరిగిన గాలికంటే నాలుగైదు నాట్‌లు తక్కువ ఉన్న రోజునే ఎంచుకోవడం మంచిది. అలలు మోకాలి ఎత్తు దాటని రోజు దొరికితే ఇంకా మంచిది.

యాప్‌లో బాణం ఎటు చూపిస్తే గాలి అటునుంచి వస్తుందా, అటు పోతుందా?

చాలా యాప్‌లలో బాణం గాలి పోయే వైపును చూపిస్తుంది, పేరు మాత్రం గాలి వచ్చే వైపును చెబుతుంది. మన వాడుకలో పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేదని ఎలా అర్థమో, వాతావరణ శాస్త్రంలోనూ అంతే. అందువల్ల బాణాన్ని నమ్ముకోకుండా, దిశ పేరునో డిగ్రీల అంకెనో చదవడం అలవాటు చేసుకోండి: 45 అంటే ఈశాన్యం, 135 అంటే ఆగ్నేయం, 225 అంటే నైరుతి, 315 అంటే వాయవ్యం.

ఏ దిశ గాలి మంచిది? వేగం సరిపోతే దిశ ఎలా ఉన్నా ఫరవాలేదా?

వేగం కంటే ముందు దిశ చూడాలి. వేగం తక్కువైతే ఆ రోజు వృథా అవుతుంది, అంతే. దిశ తప్పితే మీరు ఒడ్డుకు తిరిగి రాలేరు.

ఒడ్డు వెంట, లేదా ఒడ్డు వెంట వీస్తూ కొంచెం ఒడ్డువైపు ఒరిగే గాలి అన్నింటికంటే క్షేమం. బోర్డు పోయినా, కైట్ లేవకపోయినా అది మిమ్మల్ని మెల్లగా ఒడ్డుకు చేరుస్తుంది. నేరుగా ఒడ్డుమీదికి వీచే గాలి చూడటానికి భద్రంగా అనిపిస్తుంది కానీ, కైట్ లేపే క్షణంలో ఒక విసురు వస్తే మీరు పడేది ఇసుకలోనో, గోడమీదో, ఆపి ఉంచిన పడవలమీదో. నేల నుంచి సముద్రంలోకి వీచే గాలిలో, వెంట రక్షణ పడవ లేకుండా, ఎంత అనుభవం ఉన్నవారైనా దిగకూడదు. ఈ విషయంలో నేను మినహాయింపు ఇవ్వను.

విశాఖపట్నం దగ్గర తీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది, సముద్రం ఆగ్నేయంగా ఉంటుంది. కాబట్టి అక్కడ నైరుతి గాలి, ఈశాన్య గాలి రెండూ ఒడ్డు వెంట వీస్తాయి. దక్షిణపు గాలి, తూర్పు గాలి కొంచెం ఒడ్డువైపు ఒరుగుతాయి. పడమటి గాలి, వాయవ్య గాలి సముద్రంలోకి నెడతాయి. నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర తీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉండటం వల్ల లెక్క మారుతుంది: విశాఖలో ఒడ్డు వెంట వీచే అదే నైరుతి గాలి అక్కడ ఏటవాలుగా సముద్రంలోకి పోతుంది, ఆగ్నేయ గాలి మాత్రం చక్కగా పనికివస్తుంది. కొత్త తీరానికి వెళ్లేముందు పటంలో ఒడ్డు గీతను చూసి ఈ లెక్క మీరే వేసుకోండి.

## ముందు రోజు, సూచనలు చదివేటప్పుడు

వాతావరణ శాఖ కిలోమీటర్లలో, కైట్ యాప్‌లు నాట్‌లలో చెబుతాయి. ఎలా మార్చుకోవాలి?

ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. నోటిలెక్కకు కిలోమీటర్లను సగం చేసి, దానికి పదో వంతు కలిపితే చాలు: గంటకు 40 కిలోమీటర్లు అంటే 20, దానికి 2 కలిపితే 22 నాట్‌లు. సెకనుకు మీటర్లలో చెప్పిన అంకెను రెట్టింపు చేస్తే దాదాపు నాట్‌లు వస్తాయి.

ఫోన్‌లో 10 నాట్‌లు అని ఉంది, వెళ్లి చూస్తే 17 ఉంది. యాప్‌లు ఎందుకిలా తప్పుతాయి?

యాప్‌లలో కనిపించే అంకెలు ఎక్కువగా రెండు ప్రపంచ నమూనాల నుంచి వస్తాయి: అమెరికా వారి జీఎఫ్ఎస్, ఐరోపా వారి ఈసీఎండబ్ల్యూఎఫ్. అవి భూమిని గడులుగా విభజించి ఒక్కొక్క గడికి ఒక్క అంకె ఇస్తాయి. ఐరోపా నమూనాలో ఆ గడి దాదాపు 9 కిలోమీటర్లు, అమెరికా నమూనాలో 13 కిలోమీటర్లు. తీరంలోని ఒక గడిలో సగం నేల, సగం నీరు ఉంటే, ఆ రెండింటి వేడిలో తేడా వల్ల పుట్టే గాలి సరిగ్గా లెక్కకు రాదు. అందుకే సముద్రపు గాలి వీచే రోజుల్లో యాప్‌లు తక్కువ చెప్పడం సాధారణం.

ఒక నెలపాటు యాప్ చెప్పినదీ, ఒడ్డున మీరు కొలిచినదీ పక్కపక్కన రాసుకోండి. మీ తీరంలో ఏ నమూనా ఎంత తప్పుతుందో ఆ పుస్తకమే చెబుతుంది. రెండు నమూనాలు ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధంగా చెబితే ఆ రోజు వాతావరణం స్థిరంగా లేదని అర్థం.

రేపు సముద్రపు గాలి వస్తుందో రాదో ముందే తెలుసుకోవచ్చా?

చాలావరకు తెలుసుకోవచ్చు. ఎండకు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది, నేలపైని గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ చోటును నింపడానికి సముద్రం మీది చల్లగాలి లోపలికి వస్తుంది. కాబట్టి నేలకూ నీటికీ మధ్య వేడిలో తేడా ఉండాలి, ఆకాశం తేటగా ఉండాలి, దాన్ని అడ్డుకొనే ఎదురుగాలి ఉండకూడదు. ముందు రోజు పెద్ద వాన కురిసి నేల తడిసినా, పొద్దుటి నుంచే మబ్బు కమ్మినా ఆశ వదులుకోవచ్చు.

మే నెలలో ఒక తికమక ఎదురవుతుంది. ఎండ ఎంత ఎక్కువగా ఉంటే గాలి అంత బాగా రావాలి గదా అని చాలామంది అనుకుంటారు. అయితే వడగాడ్పు రోజుల్లో బలమైన పడమటి గాలి సముద్రపు గాలిని తీరం దగ్గరే ఆపేస్తుంది. అది మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు గానీ లోపలికి చొరబడదు, ఒక్కోసారి అసలు రాదు. ఒడ్డున నిలబడినప్పుడు ముఖానికి తగిలే గాలి వేడిగా, పొడిగా ఉంటే అది నేల మీదినుంచి వస్తున్నదని అర్థం. చల్లగా, కొంచెం జిగటగా తగిలితే సముద్రం నుంచి వస్తున్నట్టు. ఏ పరికరమూ అక్కర్లేని ఈ పరీక్షను నేను ఇప్పటికీ మానలేదు.

సముద్రపు గాలి వీచే రోజున అది సాధారణంగా పదకొండు గంటల ప్రాంతంలో ఒడ్డుకు నేరుగా మొదలై, రెండు నుంచి నాలుగు మధ్య బలపడి, భూభ్రమణం వల్ల గడియారపు ముల్లు తిరిగే వైపుగా మెల్లగా దిశ మార్చుకుంటుంది. విశాఖలో ఆగ్నేయంగా మొదలైన గాలి సాయంత్రానికి దక్షిణం, నైరుతిగా మారి ఒడ్డు వెంట సర్దుకోవడానికి కారణం ఇదే. లోపలి వైపు ఆకాశంలో అడుగు చదునుగా ఉన్న తెల్లని మబ్బులు వరుస కట్టి, సముద్రం మీద మాత్రం ఆకాశం ఖాళీగా కనిపిస్తే, గాలి వచ్చినట్టే.

“గంటకు 45–55 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు” అన్నారు. అది 24–30 నాట్‌లే కదా, చిన్న కైట్‌తో దిగవచ్చా?

వద్దు. ఈదురుగాలి అనే మాటలోనే జవాబు ఉంది: అది నిలకడగా వీచే గాలి కాదు, ఉన్నట్టుండి లేచి పడే గాలి. ఆ సూచనలోనే “ఒక్కోసారి 65 వరకు” అని ఉంటే 35 నాట్‌లు అని అర్థం. మత్స్యకారులు వేటకు వెళ్లవద్దని హెచ్చరించిన రోజున మిమ్మల్ని వెతకడానికి పడవ ఎక్కే మనిషి కూడా ఉండడు.

అల్పపీడనం ఎక్కడో సముద్రం మధ్య ఉంది. ఇక్కడ ఎండ కాస్తోంది. మనకు సంబంధం ఏమిటి?

రెండు సంబంధాలు ఉన్నాయి. మొదటిది అలలు. దూరపు తుఫాను లేపిన పెద్ద అలలు వందల కిలోమీటర్లు ప్రయాణించి, గాలి లేని తీరాన్ని కూడా కొడతాయి. వీటి కోసం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం) ఇచ్చే సముద్ర స్థితి సూచనలు, ఎత్తైన అలల హెచ్చరికలు చూడాలి. గాలి సూచన బాగున్నా, అలల సూచన బాగోలేని రోజులు ఉంటాయి.

రెండవది దిశ. మన అర్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. వానాకాలంలో తరచుగా జరిగేట్టు అది ఒడిశా తీరానికి దగ్గరగా ఉంటే, విశాఖలో గాలి వాయవ్యం, పడమర నుంచి వీచి సముద్రంలోకి నెడుతుంది. ఎండ కాస్తూ, నీరు ఒడ్డు దగ్గర చదునుగా ఉండి, ఎంతో పిలుస్తున్నట్టు కనిపించే ఆ రోజే అన్నింటికంటే ప్రమాదకరమైనది.

భారత వాతావరణ శాఖ లెక్కలో గాలి 17 నుంచి 27 నాట్‌లు ఉంటే వాయుగుండం, 28 నుంచి 33 ఉంటే తీవ్ర వాయుగుండం, 34 దాటితే తుఫాను. అంటే వాయుగుండం అనే మాట విన్నప్పుడు అంకెలు కైట్‌కు అనువుగానే కనిపిస్తాయి. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. దూరంలో ఉన్న ముప్పును చెప్పే ఒకటో నంబరు ఎగరేసినా నేను సామాను బండిలోంచి దించను.

## ఒడ్డున నిలబడినప్పుడు

గాలిని కొలిచే పరికరం లేదు. కంటితో ఎలా అంచనా వేయాలి?

నీటిని చూడండి. అక్కడక్కడ మాత్రమే తెల్లనురగ కనిపిస్తే గాలి 7–10 నాట్‌లు. నురగ తరచుగా, చాలాచోట్ల కనిపిస్తే 11–16. ఎటు చూసినా తెల్లగా ఉండి, తుంపర అప్పుడప్పుడు ఎగిరితే 17–21. పెద్ద అలలు ఏర్పడి, తుంపర బాగా లేస్తుంటే 22 దాటినట్టే. ఇవి బ్యూఫోర్ట్ కొలమానంలోని మూడు నుంచి ఆరు వరకు ఉన్న మెట్లు. ఒక జాగ్రత్త అవసరం: గాలి నేల నుంచి సముద్రంలోకి వీస్తుంటే ఒడ్డు దగ్గర నురగ లేవదు, ఎంత బలంగా ఉన్నా నీరు నునుపుగానే కనిపిస్తుంది. అప్పుడు దూరంలోని నీటిని చూడాలి.

పరికరం ఉంది. ఎక్కడ, ఎంతసేపు కొలవాలి?

నీటి అంచున, గాలి వచ్చే వైపు అడ్డు లేనిచోట, చేయి పైకెత్తి కనీసం ఐదు నిమిషాలు కొలవండి. సూచనల్లో చెప్పే వేగం నేల నుంచి 10 మీటర్ల ఎత్తులోది కాబట్టి మీ చేతి ఎత్తులో అంకె కొంచెం తక్కువగా రావడం సహజం. పైనున్న కైట్‌కు అంతకంటే ఎక్కువే తగులుతుంది.

సగటు కంటే తేడాను ఎక్కువగా చూడండి. 14 నుంచి 18 మధ్య ఊగే గాలి మంచిది. 10 నుంచి 22 మధ్య ఊగే గాలికి సగటు అదే 16 అయినా, అందులో పెద్ద కైట్ ప్రమాదం, చిన్న కైట్ నిరుపయోగం. విసురుకూ తగ్గుకూ మధ్య తేడా 10 నాట్‌లు దాటితే ఆ రోజుకు వద్దనుకోవడం నా పద్ధతి.

నా బరువుకు ఏ సైజు కైట్ తీసుకోవాలి?

మామూలు బోర్డుకు ఒక సులువైన లెక్క ఉంది: శరీర బరువును కిలోలలో 2.2తో గుణించి, గాలి వేగాన్ని నాట్‌లలో తీసుకొని భాగించాలి. 75 కిలోల మనిషికి 15 నాట్‌ల గాలిలో 11 చదరపు మీటర్లు, 20 నాట్‌లలో దాదాపు 8 వస్తుంది. ఇది ఆరంభానికి మాత్రమే. కైట్ తయారీదారు ఇచ్చిన పట్టికకే చివరి మాట.

గుర్తుంచుకోవలసింది, లాగే బలం గాలి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 15 నుంచి 20కి వేగం మూడో వంతే పెరిగినా, బలం దాదాపు 80 శాతం పెరుగుతుంది; 12 నుంచి 24కి అయితే నాలుగింతలు. కాబట్టి సైజును సగటుకు కాక విసురుకు సరిపడేలా ఎంచుకోండి. రెండు సైజుల మధ్య సందేహం వస్తే చిన్నదే తీసుకోండి.

ఒడ్డు వెనుక సరుగుడు తోట ఉంది. సముద్రం నుంచి వచ్చే గాలికి అదేమీ అడ్డు కాదు కదా?

గాలి తోట వైపు నుంచి వస్తే పూర్తిగా అడ్డే. అడ్డు ఎత్తుకు పదింతల దూరం వరకూ గాలి సుడులు తిరుగుతుంది. 15 మీటర్ల సరుగుడు చెట్ల వెనుక 150 మీటర్లు వదలాలి. సముద్రం నుంచి వచ్చే గాలిలో కూడా తోటను ఆనుకొని ఉన్న కొంత మేర గాలి పైకి ఎక్కుతూ అల్లకల్లోలంగా ఉంటుంది, కైట్ ఉన్నట్టుండి మిమ్మల్ని పైకి లేపవచ్చు. తాళ్లే 20 మీటర్లకు పైగా ఉంటాయి కాబట్టి, చెట్లకు అంతకు రెండింతలైనా దూరంలో, వీలైనంత నీటి అంచునే కైట్ లేపండి. విశాఖ చుట్టుపక్కల కొండల వెనుకకు చేరే గాలికీ ఇదే సూత్రం, దూరాలు మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ.

ఆటుపోట్లు చూడాలా?

చూడాలి. పోటు ఎక్కువగా ఉన్నప్పుడు కైట్ పరచడానికి ఇసుక మిగలకపోవచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ తేడా ఎక్కువ. గాలికి ఎదురుగా ప్రవాహం ఉంటే అలలు చిన్నవైనా నిటారుగా లేస్తాయి.

వేసవిలో గాలి బాగుంటుందంటున్నారు. వేట నిషేధం సమయంలో ఏమైనా తేడా ఉంటుందా?

ఉంటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు వేటకు వెళ్లవు. మామూలు రోజుల్లో మీరు చిక్కుకుపోతే చూసేదీ, తాడు విసిరేదీ ఆ పడవలవారే. నిషేధ కాలంలో సముద్రం ఖాళీగా ఉంటుంది, పడవలన్నీ ఒడ్డుమీద ఉండి కైట్ లేపే చోటును ఆక్రమిస్తాయి. ఆ రెండు నెలల్లో దిగే ముందు ఊరిలో ఒకరితో మాట్లాడి, ఆపదలో పడవ దించడానికి ఎవరు ఒప్పుకుంటారో తెలుసుకోండి. అప్పుడే ఆ రోజు గాలి గురించి కూడా అడగండి. పెద్దవారిని “ఏవండీ, మధ్యాహ్నానికి గాలి తిరుగుతుందా?” అని అడిగితే, ఆ తీరంలోని గాలి గురించి ఏ యాప్ చెప్పనిది చెబుతారు.

## నీటిలో ఉన్నప్పుడు

దూరంగా నల్లమబ్బు కనిపిస్తోంది, కానీ ఇక్కడ గాలి బాగుంది. ఎంతసేపు ఉండవచ్చు?

కనిపించిన క్షణమే ఒడ్డుకు రావాలి. ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ రుతుపవనాల చివరి దశలో మధ్యాహ్నం తర్వాత నిలువుగా పెరిగే క్యుములోనింబస్ మేఘాలలో వానతోపాటు చల్లగాలి బరువుగా కిందికి దిగి, నేలను తాకి, నలువైపులా పరుచుకుంటుంది. ఆ గాలి అంచు వానకంటే ఎన్నో కిలోమీటర్లు ముందు వస్తుంది. మేఘం 15 కిలోమీటర్ల దూరంలో ఉండి, ఆ అంచు గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వస్తే మీకున్నది 20 నిమిషాలు. ఒడ్డుకు చేరి, కైట్ దించి, గాలి తీసి మడవడానికే పదిహేను పడుతుంది.

అది దగ్గరైనప్పుడు తరచుగా మొదట కనిపించేది గాలి తగ్గడం. అప్పటిదాకా వీచిన సముద్రపు గాలి ఆగిపోతుంది, కైట్ బరువెక్కినట్టు అనిపిస్తుంది, ఇంకా పెద్ద కైట్ వేసుకుంటే బాగుండునని కూడా తోస్తుంది. తర్వాత ఒక్కసారిగా చల్లటి గాలి తగిలి, దిశ మారి, వేగం రెండింతలు దాటుతుంది. కాబట్టి నల్లమబ్బు ఉన్నప్పుడు గాలి ఆగడాన్ని హెచ్చరికగా తీసుకోండి. విశాఖపట్నం, మచిలీపట్నం, శ్రీహరికోట డాప్లర్ రాడార్ల చిత్రాలు వాతావరణ శాఖ వెబ్‌సైటులో ఉంటాయి. ఒడ్డున ఉండే మిత్రుడికి వాటిని అరగంటకొకసారి చూసే పని అప్పగించండి.

ఆ గాలికి దొరికిపోతే కైట్‌ను కాపాడుకోవడానికి ప్రయత్నించవద్దు. క్విక్ రిలీజ్ (కైట్ లాగుడును వెంటనే తెంచే అత్యవసర అమరిక) వాడి, కైట్ బలం పూర్తిగా పోయేలా చేయండి. ఒడ్డుకు దగ్గరగా ఉన్నప్పుడు ఈ నిర్ణయం ఆలస్యం చేయడం వల్లనే ఎక్కువ దెబ్బలు తగులుతాయి.

ఉరుము వినిపించింది, వాన లేదు. ఆగాలా?

ఆగాలి. ఉరుము వినిపించేంత దగ్గరలో ఉంటే పిడుగు పడేంత దగ్గరలో ఉన్నట్టే. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లను మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. 30 సెకన్లంటే 10 కిలోమీటర్లు, అది కూడా క్షేమమైన దూరం కాదు. తడి తాళ్లతో ఆకాశంలోకి ఎగరేసిన కైట్‌ను పట్టుకొని ఉన్నవారికి మిగతావారికంటే ముప్పు ఎక్కువ. కైట్ దించి, తాటిచెట్ల కింద కాక, పక్కా భవనంలోనో కారులోనో కూర్చొని, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు వేచి ఉండండి. దామిని యాప్ దగ్గరలో పడుతున్న పిడుగుల గురించి హెచ్చరిస్తుంది.

ఒడ్డుకు దూరంగా ఉన్నప్పుడు మబ్బేమీ లేకుండానే గాలి తగ్గిపోతే ఏం చేయాలి?

ఇంకొక్క మలుపు తిరిగి చూద్దామనుకోకుండా, కైట్ ఇంకా ఎగురుతున్నప్పుడే ఒడ్డువైపు తిరగండి. అది నీటిలో పడి లేవకపోతే తాళ్లను బార్‌కు (చేతితో పట్టుకునే కడ్డీకి) చుట్టుకొని, కైట్‌ను తెప్పలా, తెరచాపలా పట్టుకొని ఒడ్డుకు చేరే పద్ధతిని శిక్షణలో నేర్చుకునే ఉంటారు. దాన్ని ఏటా ఒకసారైనా లోతు తక్కువ నీటిలో అభ్యసించండి. మీరు ఈది తిరిగి రాగల దూరం కంటే ఎక్కువ దూరం ఎన్నడూ వెళ్లవద్దు.

సాయంత్రం ఎంతవరకు ఉండవచ్చు?

సూర్యాస్తమయానికి గంట ముందు ఒడ్డున ఉండాలి. ఎండ తగ్గగానే నేల చల్లబడి, సముద్రపు గాలి నీరసిస్తుంది. రాత్రికి గాలి తిరగబడి నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఆ మార్పు మధ్యలో చిక్కితే కైట్ లేవదు, చీకటి పడుతుంది, ఒడ్డుమీది వారికి మీరు కనిపించరు. విశాఖలో డిసెంబరు మొదట్లో ఐదున్నర కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, కాబట్టి అప్పుడు నాలుగుంబావుకు కైట్ ఇసుకమీద ఉండాలి. మే నెలలో ఐదుంబావు దాకా ఉండవచ్చు.